విడిది ఇంటికి అదనపు మనుషులు: ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురానికి దగ్గర్లో మా తాతగారి నాటి మండువా ఇల్లుంది. సెలవులకి వచ్చేవాళ్లకి దాన్ని రోజు లెక్కన ఇస్తున్నాం. మమ్మల్ని చూసి చుట్టుపక్కల ఇంకొందరు పాత ఇళ్లు బాగుచేయించి తెరిచారు. వాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేది రేట్ల గురించీ కాదు, ఏసీల గురించీ కాదు. "బుక్ చేసినవాళ్లు కాక ఇంకెవరో వస్తామంటున్నారండీ, ఏం చెప్పమంటారు?" అని. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? అందుకే రాసిపెట్టాను. మీకు ఏది అవసరమైతే అది చదువుకోండి. మొదటి నుంచీ చదవాల్సిన పనిలేదు.

## బుకింగ్ తీసుకునే ముందు

ఎంతమందికి సరిపోతుందని రాయాలి? మంచాలు లెక్కేస్తే ఎనిమిది మందే, చాపలు పరిస్తే పదిహేను మంది పడతారు కదా?

చాపల లెక్క మర్చిపోండి. నీళ్లని బట్టి, సెప్టిక్ ట్యాంకుని బట్టి రాయండి. పట్టణాల్లో నీటి సరఫరా లెక్కలకి మనిషికి రోజుకి 135 లీటర్లని ఇంజనీర్లు వేస్తారు. ఎనిమిది మందికి 1,080 లీటర్లు. పైన వెయ్యి లీటర్ల ట్యాంకుంటే పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మోటారు వేస్తే సరిపోతుంది. అదే పదిహేను మందైతే 2,025 లీటర్లు. అందరూ ఎనిమిదింటికే స్నానాలకి దిగుతారు, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది.

నీళ్లు రావడం ఒక ఎత్తు, పోవడం ఇంకో ఎత్తు. కోనసీమలో గడ్డపారతో కాస్త లోతు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. ఇంకుడు గొయ్యి సగం ముందే నిండి ఉంటుంది, కొత్త నీరు ఇంకడానికి చోటుండదు. మొదటి ఏడాది సంక్రాంతికి ఎనిమిది మందికని ఇల్లు తీసుకున్నవాళ్లు, కనుమ పొద్దున జగ్గన్నతోట ప్రభల తీర్థం (ఊళ్లవాళ్లు దేవుడి ప్రభలని భుజాల మీద మోసుకొచ్చే జాతర) చూపిస్తామని ఇంకో తొమ్మిది మందిని రప్పించుకున్నారు. పండగ పూట కదా అని నేను మొహమాటపడ్డాను. మధ్యాహ్నం మూడింటికి వెనక బాత్రూంలో నీళ్లు దిగడం మానేశాయి. నాలుగింటికి పైకి రావడం మొదలుపెట్టాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇక సెప్టిక్ ట్యాంకు లారీ ఎక్కడ కదులుతుంది! మర్నాడు పది దాకా పదిహేడు మందికీ పక్కింటివాళ్ల దొడ్డే దిక్కయింది. ఆ తర్వాత నేను ఇంటి గురించి ఏ బుకింగ్ పేజీలో రాసినా ఎనిమిదే. చాపలన్నీ అటకెక్కించేశాను.

"ఇద్దరు అటూ ఇటూ అవుతారండి" అంటున్నారు. సరే అనొచ్చా?

అనకండి. "అటూ ఇటూ" అన్నవాళ్లెవరూ ఇటు తగ్గడం నేను చూళ్లేదు, అందరూ అటే పెరిగారు. అడ్వాన్సు తీసుకోకముందే ఈ రెండు ముక్కలూ వాట్సాప్‌లో పంపండి: "రాత్రి పడుకునేవాళ్లందరి పేర్లు, వయసులు పంపించండి. పేరున్న ప్రతి మనిషికీ పక్క, తువ్వాలు, టిఫిను సిద్ధం చేయిస్తాం." ఇందులో కాదనడం లేదు, నిలదీయడం లేదు. అయినా పేర్లు రాయడానికి కూర్చున్న మనిషి ఎవరొస్తారో, ఎవరు రారో అప్పుడే ఇంట్లో అడిగి తేల్చుకుంటాడు. నోటితో ఎనిమిది అన్నవాళ్లు రాసేటప్పటికి పదని తేలితే, ఆ మాట మీకు గేటు దగ్గర కాకుండా పది రోజుల ముందే తెలుస్తుంది.

పిల్లల్ని లెక్కలోకి తీసుకోవాలా?

ఇళ్లు బుక్ చేసుకునే యాప్ ఎయిర్‌బీఎన్‌బీలో రెండేళ్లలోపు పిల్లలు లెక్కలోకి రారు, రెండు దాటితే వస్తారు. నేరుగా వచ్చే బుకింగులకి మా ఇంట్లో పద్ధతి ఇంకా సులువు: అమ్మ పక్కలో పడుకుంటే లేదు, వేరే పరుపు వేస్తే ఉంది. ఆరేళ్లవాడిని "చంటివాడండి" అనే తల్లులుంటారు. దాని మీద వాదన పెట్టుకోవద్దు, పరుపు కావాలా అని మాత్రం అడగండి.

డ్రైవర్ కార్లోనే పడుకుంటాడంటున్నారు. అతన్ని మనిషి కింద లెక్కేయాలా?

గెస్టులు మర్చిపోయే మనిషి డ్రైవరే. మనం మర్చిపోకూడదు. హైదరాబాద్ నుంచి ఎనిమిదీ తొమ్మిది గంటలు నడిపి వచ్చిన మనిషిని కోనసీమ దోమల్లో, అద్దాలు దించిన కార్లో పడుకోబెడితే, మర్నాడు ఆ బండెక్కేది పిల్లా పాపా ఉన్న కుటుంబమే కదా. మేం వీధి వసారాలో ఒక నవారు మంచం, దోమతెర, ఫ్యాను ఎప్పుడూ ఉంచుతాం. పెరట్లో ఉన్న పాత బాత్రూంకి తలుపూ బల్బూ బాగుచేయించాం. దీనికి డబ్బు తీసుకోం. రిజిస్టర్లో మాత్రం అతని పేరు, లైసెన్సు నంబరు రాస్తాం. మీ దగ్గర అలా చోటు లేకపోతే ముందే చెప్పేయండి, దగ్గర్లో ఏ లాడ్జిలో గది దొరుకుతుందో కూడా చెప్పండి. "సర్దుకుంటాడులెండి" అనే మాట మాత్రం వాళ్లన్నా మీరు ఒప్పుకోకండి.

అదనపు మనిషికి రాత్రికి ఎంత తీసుకోవాలి?

చేతికొచ్చిన అంకె వేస్తే బేరం మొదలవుతుంది. కాగితం మీద ఖర్చు కట్టి చూడండి: పక్కబట్టల ఉతుకు, తాగునీటి టిన్నులో వాటా, టిఫిను, ఏసీ ఇంకొక గదిలో వేస్తే దాని కరెంటు, పనివాళ్లకి అదనపు కూలి. మాకది మూడు నాలుగు వందల మధ్య తేలింది, మేం 500 తీసుకుంటాం. మనుషులు రాకుండా చెయ్యడానికని 2,000 పెడితే జరిగేది ఒకటే. మనుషులు వస్తూనే ఉంటారు, మీకు చెప్పడం మానేస్తారు. నిజం చెప్తే పెద్దగా నష్టం లేదనిపించే రేటు పెట్టండి.

ఈ రేటు పేజీలోనే ఉండాలి. యాప్‌లో అయితే ఫలానా సంఖ్య దాటాక మనిషికి ఇంత అని పెట్టుకునే వీలుంది. అక్కడ పెట్టకుండా ఇంటికొచ్చాక చేతికి నగదు అడిగితే, డబ్బు యాప్ బయట తీసుకున్నారని మీ మీదే ఫిర్యాదు వెళ్తుంది.

పుట్టినరోజుకి, ప్రీ-వెడ్డింగ్ షూట్‌కి కొందరు పగలు వచ్చి వెళ్తారంటున్నారు. ఇవ్వొచ్చా?

రెండూ వేర్వేరు వ్యవహారాలు. కేకు కోసి, నలుగురు దగ్గరివాళ్లు భోంచేసి వెళ్లేదైతే దాన్ని చుట్టపుచూపు కిందే చూడొచ్చు. టెంటు, సౌండు, యాభై విస్తళ్లు అన్నారంటే అది ఫంక్షను. ఎయిర్‌బీఎన్‌బీ అయితే పార్టీలని 2020 ఆగస్టులో నిషేధించి, 2022 జూన్‌లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసేసింది. అక్కడి బుకింగుకి మీరు సరే అన్నా చెల్లదు.

షూట్ సంగతి ఇంకో రకం. మండువా, అరుగు, కొబ్బరితోట, కాలువ గట్టు ఒకేచోట దొరుకుతాయని మా వైపు వీళ్ల రాక ఎక్కువే. ఇద్దరికని గది బుక్ చేస్తారు. కెమెరావాళ్లు, లైట్లవాళ్లు, మేకప్ ఆవిడ, చీరలు సర్దే అక్క, అందరూ కలిపి ఏడెనిమిది మంది దిగుతారు. పొగ కోసం ఏదో డబ్బా వెలిగిస్తే మా దూలాలకి పట్టిన మసి ఇంకా పోలేదు. షూట్‌కి వేరే రేటు, వేరే వేళలు పెట్టండి. పొగ, రంగు పొడులు, నిప్పు వద్దని ముందే రాసి ఒప్పించుకోండి.

## దిగే రోజు

ఎనిమిది మందికని చెప్పి పదకొండు మంది దిగారు. గేటు దగ్గర ఏం మాట్లాడాలి?

ముందు అందరికీ మంచినీళ్లో మజ్జిగో ఇవ్వండి. ఎండలో నిలబెట్టి తలలు లెక్కపెట్టొద్దు. తర్వాత బుక్ చేసిన మనిషిని, "సామాను ఎక్కడ పెట్టించమంటారో చూద్దురుగాని రండి" అని లోపలికి పిలిచి, విడిగా మాట్లాడండి. అత్తగారి ముందు, బావగారి ముందు "మీరు చెప్పింది ఎనిమిది మందే కదండీ" అన్నారో, ఇక అది డబ్బు సంగతి కాదు, పరువు సంగతి. అవతల మనిషి వెయ్యి రూపాయలకి ఒప్పుకునేవాడల్లా పదివేలైనా సరే పోట్లాటకే దిగుతాడు.

విడిగా పిలిచాక చెప్పాల్సింది రెండే దారులు. మీ ఇల్లు పదకొండు మందిని మోయగలిగితే అదనపు రేటు, అదనపు పక్కలు. మోయలేకపోతే ఎక్కువైనవాళ్లకి దగ్గర్లో గది. ఆ గది మీరే ఫోన్ చేసి మాట్లాడి పెట్టండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. నేనైతే తప్పంతా ట్యాంకు మీదకి తోసేస్తాను. "మీరు రావడం మాకు సంతోషమేనండి, మా ట్యాంకే చిన్నది." మనిషి కాదన్నాడంటే కోపం వస్తుంది కానీ, ట్యాంకు కాదంటే ఎవరికీ కోపం రాదు. ఈ మాటలు అయ్యాక, తేలింది ఏదైనా, అప్పుడే యాప్‌లోనో వాట్సాప్‌లోనో ఒక్క వాక్యం రాసి పంపండి.

అందరి ఆధార్ కాపీలూ తీసుకోవాలా? మధ్యలో వచ్చి పడుకునేవాళ్లవి కూడానా?

రాత్రి ఇంట్లో ఉన్న ప్రతి పెద్ద మనిషి పేరు, ఊరు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు వివరం రిజిస్టర్లో ఉండాలి. రెండో రోజు కలిసినవాళ్లకీ అంతే. రేపు ఏ అర్ధరాత్రో పోలీసులొచ్చి అడిగితే, "వాళ్లెవరో మాకు తెలీదండి" అనేది ఇంటివాళ్ల నోట రాకూడని మాట.

అయితే ఆధార్ పూర్తి నంబరు మీకు అవసరం లేదు. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ని ఆధార్ జారీ చేసే ఉడాయ్ వాళ్లే ఇస్తున్నారు, అది చాలు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు కూడా పనికొస్తాయి. ఫొటోలు తీసి ఫోన్ గ్యాలరీలో పిల్లల ఫొటోల మధ్య పడేసే అలవాటుంటే ఇవాళే మానుకోండి.

వాళ్ల అబ్బాయి అమెరికా నుంచి రెండో రోజు వచ్చి కలుస్తాడట. మనవాడే కదా, ఏమైనా చెయ్యాలా?

పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాడైతే అందరిలాగే రిజిస్టర్లో రాస్తే సరి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, పుట్టింది అంబాజీపేటలోనైనా, అచ్చ తెలుగు మాట్లాడినా, చట్టం దృష్టిలో విదేశీయుడే. దిగిన 24 గంటల్లోగా ఆ వివరాలు విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్లో పంపాలి. అందరూ ఫారం-సి అనేది దీన్నే. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినా ఈ బాధ్యత ఇల్లు ఇచ్చేవాళ్ల మీదే ఉంది.

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: బుక్ చేసింది తండ్రి, ఆయనది ఆధార్, అంతా సవ్యంగా ఉంది. కొడుకు రెండో రోజు రాత్రి వచ్చి మూడో రోజు వెళ్లిపోయాడు, ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు. ఆ పోర్టల్లో మీ ఇంటిని ముందే నమోదు చేయించుకుని ఉండాలి. మనిషి గుమ్మంలో నిలబడ్డాక మొదలుపెడితే 24 గంటలు చాలవు.

## వాళ్లు ఉన్నన్ని రోజులూ

గెస్టుల చుట్టాలు పక్క ఊళ్లోనే ఉన్నారట, చూడ్డానికి వస్తారట. వద్దంటే బాగుంటుందా?

బాగుండదు, వద్దనాల్సిన పనీ లేదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఇక్కడికి దిగే కుటుంబాల్లో సగం మందికి పది కిలోమీటర్ల లోపల పిన్నిగారో మేనత్తో ఉంటారు. ఆవిడ అరిసెల డబ్బా పట్టుకుని, మనవరాలిని వెంటేసుకుని ఆటో దిగుతుంది. ఆవిడని గేటు దగ్గర ఆపిన ఇంటికి ఈ ఊళ్లో పరువుండదు. రివ్యూ సంగతి తర్వాత.

అందుకే మేం మనుషుల్ని రెండు రకాలుగా చూస్తాం: పగలు వచ్చి పోయేవాళ్లు, రాత్రి పడుకునేవాళ్లు. పగటివాళ్లకి డబ్బు లేదు, కార్డు అడగం. మూడే షరతులు. వచ్చే ముందు గెస్టు మాకు ఒక మెసేజ్ పెట్టాలి. ఒకేసారి ఐదుగురికి మించకూడదు. రాత్రి తొమ్మిదికల్లా బయల్దేరాలి. ఈ తొమ్మిది అనేది గోడ మీద బోర్డులా పెడితే హాస్టల్లా ఉంటుంది. మొదటి రోజు ఇల్లు చూపిస్తున్నప్పుడు, వైఫై పాస్‌వర్డ్ చెప్పినంత మామూలుగా చెప్పేయండి. అప్పుడు చెప్తే అది ఇంటి పద్ధతి. పిన్నిగారు వచ్చి కూర్చున్నాక చెప్తే ఆవిడ గురించి చెప్పినట్టుంటుంది.

"పడుకోరండి, తెల్లారగట్ల వాడపల్లి వెళ్లిపోతారు" అంటున్నారు. ఇది పగటి లెక్కా, రాత్రి లెక్కా?

శుక్రవారం వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేసేవాళ్లు ముందు రోజు రాత్రే ఈ వైపు చేరతారు. మూడింటికి లేచి, తలస్నానాలు చేసి, నాలుగున్నరకి వెళ్లిపోతారు. "ఎక్కడ పడుకుంటారండీ, అలా నడుం వాలుస్తారంతే!" అంటారు. నడుం వాల్చడానికి పరుపు కావాలి, అందరి తలస్నానాలకీ వేణ్ణీళ్లు కావాలి. మామూలు గెస్టు కంటే నీళ్లెక్కువ వాడేది వీళ్లే. రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లో ఉంటే రాత్రి లెక్కే. పేరు, కార్డు, రేటు అన్నీ ఉంటాయి. దేవుడి పని మీద వచ్చినవాళ్లని మేం టిఫిను ఖర్చు తీసేసి తగ్గించి తీసుకుంటాం. అది మా ఇష్టం, మీరూ అలాగే చెయ్యాలని లేదు.

ఇద్దరు వెళ్లారు, ఇద్దరు వచ్చారు. "లెక్క సమానమే కదా" అంటున్నారు.

తలల లెక్క సమానమే. దుప్పట్ల లెక్క, రిజిస్టర్ లెక్క కాదు. కొత్తవాళ్లకి ఉతికిన పక్కబట్టలు వెయ్యాలి, పేర్లు రాయాలి. మేం అదనపు మనిషి రేటు వెయ్యం, పక్క మార్చినందుకు 150 తీసుకుంటాం. ఇంకో సంగతి కనిపెట్టి ఉండండి. రోజూ ఇద్దరు మారుతుంటే ఇల్లు తీసుకున్న కుటుంబం ఏదో, ఉంటున్నదెవరో తేడా పడుతుంది. అలాంటప్పుడు బుక్ చేసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడా అని సాయంత్రం ఒకసారి స్వయంగా వెళ్లి పలకరించి రండి.

చుట్టాలకి కూడా భోజనం పెట్టమంటే?

ముందు రోజు సాయంత్రం ఆరులోగా చెప్తే విస్తరికి ఇంత అని పెట్టొచ్చు. పన్నెండింటికి చెప్తే పప్పు, ఆవకాయ, పెరుగు, అంతే అని నవ్వుతూ చెప్పేయండి. పులస కావాలంటే వరదల కాలంలో రమ్మనండి.

కొత్తగా కలిసినవాళ్లు పిల్లల్ని తీసుకుని కాలువలోకి దిగిపోతున్నారు. ఎలా ఆపాలి?

దిగిన రోజు మనం చెప్పే జాగ్రత్తలు విన్నది మొదటి ఎనిమిది మందే. తర్వాత వచ్చినవాళ్లకి ఎవరూ చెప్పరు. ప్రమాదాలన్నీ ఆ సందులోంచే వస్తాయి. పైనుంచి చూస్తే కాలువ నెమ్మదిగా పారుతున్నట్టే ఉంటుంది, లాకులు ఎత్తారంటే లాగు తెలుస్తుంది. గోదావరి రేవులో రెండు మెట్ల తర్వాత లోతెంతో ఊరివాళ్లకే తెలుసు. కొత్త మనిషి ఎవరొచ్చినా ముందు రేవు గురించి చెప్పమని మా ఇల్లు చూసుకునే అతనికి గట్టిగా చెప్పాం. పెరటి గుమ్మం తాళం అతని దగ్గరే ఉంటుంది. గెస్టులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇల్లు చూసుకునే మనిషి చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడు. ఏం చెయ్యాలి?

ఎవరో చేతిలో రెండొందలు పెట్టుంటారు. అతన్ని తిట్టేముందు మీరిచ్చే జీతం ఒకసారి తలుచుకోండి. అదనపు మనుషులొస్తే పని పెరిగేది అతనికే, వచ్చే డబ్బు మాత్రం మీకు. మేం ఆ 500లో 150 అతనికి, ఇల్లు ఊడ్చే ఆవిడకి పంచడం మొదలుపెట్టాక ఒక్క తల కూడా లెక్క తప్పలేదు. "బాబుగారూ, నిన్న రాత్రి ఇంకొకాయన వచ్చారండి" అని ఇప్పుడు అతనే ఫోన్ చేస్తాడు.

కెమెరా పెట్టి లెక్కపెట్టుకోవచ్చా?

గేటుకి, వీధి వసారాకి పెట్టుకోవచ్చు, ఉందని పేజీలో రాయాలి. ఇంటి లోపల వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి లోపలి కెమెరాలని పూర్తిగా నిషేధించింది, ఆపేసి ఉంచినా ఒప్పుకోదు. మండువా మధ్యలో ఆకాశం కనిపిస్తుంది కదా, అది బయటే అని వాదించాలనుకునేవాళ్లకి చెప్తున్నాను: అది ఇంటి లోపలే.

## పండగలు, తీర్థాలు

సంక్రాంతి మూడు రోజులూ ఎవర్నీ ఆపలేకపోతున్నాం. ఏదైనా ఉపాయం ఉందా?

ఆపాలని చూడకండి, ముందే అమ్మేయండి. పండక్కి మేం ఎనిమిది మంది రేటు అనకుండా, రాత్రికి ఎనిమిది మంది, పగలు ఇంకో పది మంది దాకా అని ఒకే మొత్తం చెప్తాం. భోగికి వారం ముందే సెప్టిక్ ట్యాంకు తోడిస్తాం. ఆ మూడు రోజులకీ ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు అద్దెకి తెచ్చి పెరట్లో పెడతాం, తాగునీటికి 20 లీటర్ల టిన్నులు ముందే దింపించుకుంటాం. కనుమ రోజు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల ప్రభలు చేరతాయి, గంగలకుర్రు ప్రభ కౌశిక నది నీళ్లలోంచి మనుషుల భుజాల మీద దాటుతుంటే చూడాల్సిందే. 2023 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్ర శకటం కూడా ఈ తీర్థమే. అది చూడ్డానికి అన్నదమ్ములు రానే వస్తారు. వాళ్ల కార్లు ఎక్కడ పెట్టాలో మాత్రం ముందే తేల్చండి. మా ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా పెట్టిన ఒక కారు వల్ల ఒకసారి ప్రభ పావుగంట ఆగింది. ఆ ఊరివాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో నేను చెప్పలేను.

అంతర్వేది కళ్యాణానికి, భీష్మ ఏకాదశి రథానికి కూడా ఇదే ఏర్పాటు పనికొస్తుంది.

పండగ సాయంత్రం పది మంది మగవాళ్లు వచ్చి పేకాట పెట్టారు. మన ఇంట్లో మనకేంటి భయం?

భయం మనకే. 1974 గేమింగ్ చట్టం కింద ఆడినవాళ్ల మీదే కాదు, డబ్బు పెట్టి ఆడుకోవడానికి ఇల్లు ఇచ్చినవాళ్ల మీద కూడా కేసు పెట్టొచ్చు. "అద్దెకిచ్చాం, మాకు తెలీదు" అన్నా స్టేషను చుట్టూ తిరగడం తప్పదు. కోడిపందేల మాట ఇంకా తేలిక, బరి కోసం పెరడు అడిగితే కుదరదని ఒక్క ముక్కలో చెప్పేయండి. పండక్కి ఇల్లు తీసుకునే మగవాళ్ల గుంపు "సాయంత్రాలు స్నేహితులొస్తారు" అన్నారంటే ఎంతమంది, ఎందుకు అని అడగడానికి మొహమాటపడొద్దు.

2027 గోదావరి పుష్కరాలకి ఇప్పటినుంచే అడుగుతున్నారు. మనుషుల లెక్క ఎలా పెట్టాలి?

2015 జులై పుష్కరాలు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పన్నెండు రోజులు, అన్నీ రద్దీ రోజులే. స్నానంతో అయిపోదు, పితృకార్యాలుంటాయి. అన్నదమ్ములందరూ కలిసి పెట్టుకుంటే నలుగురి బుకింగు నలభై అవుతుంది. రాత్రి లెక్క పెంచకండి. కార్యానికి పెరడు, వంటకి సావిడి పగటి పూటకి విడిగా ఇవ్వండి, పురోహితుణ్ణి కూడా తలల్లో లెక్కేసుకుని.

## రాత్రి వేళ

రాత్రి పదకొండింటికి రెండు కార్లలో కుర్రాళ్లు దిగారు, పెరట్లో స్పీకర్ పెట్టారు. వెళ్లి ఆపనా, పోలీసులకి చెప్పనా?

ముందు ఫోన్. బుక్ చేసిన మనిషికే, కుర్రాళ్లలో ఎవరికో కాదు. "బాబూ, పది దాటింది, ఊరు పడుకుంది. స్పీకర్ తీసేయండి, వచ్చినవాళ్లు పదిహేను నిమిషాల్లో బయల్దేరాలి" అని చెప్పి, అదే మాట మెసేజ్‌గా పంపండి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా కుదరవని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. అది మీ చాదస్తం కాదు.

పదిహేను నిమిషాల తర్వాత ఒంటరిగా వెళ్లకండి. ఇల్లు చూసుకునే అతన్నీ, పక్కింటి పెద్దాయన్నీ తోడు తీసుకెళ్లండి. మందు మీదున్న వాళ్లతో లోపలికెళ్లి వాదించొద్దు, గేటు దగ్గరే నిలబడండి. ఊరి పెద్దాయన నోరు విప్పకుండా గేటు దగ్గర నిలబడితే చాలు, స్పీకర్ దానంతటదే తగ్గుతుందని నా అనుభవం. తగ్గకపోతే, ఎవరైనా చెయ్యి చేసుకునేలా ఉంటే 112. బుకింగు యాప్‌లోదైతే వాళ్ల సహాయ కేంద్రానికి కూడా అప్పుడే చెప్పండి. పొద్దున్న చెప్తే "అప్పుడెందుకు చెప్పలేదు" అంటారు.

## ఖాళీ చేశాక

వెళ్లిపోయాక తెలిసింది, అదనంగా నలుగురు పడుకున్నారని. డబ్బు అడగొచ్చా?

రుజువుంటే అడగండి. లేకపోతే వదిలేయండి. రుజువంటే గేటు కెమెరా టైము, వాడిన పక్కల ఫొటోలు, ఆ రాత్రి మీరు పంపిన మెసేజ్. ఎయిర్‌బీఎన్‌బీలో ఏదైనా పాడైతే ఖాళీ చేసిన 14 రోజుల్లోగా పరిహారం అడగాలి, గెస్టుకి జవాబివ్వడానికి 24 గంటలుంటుంది, ఆ తర్వాతే వాళ్లు కలగజేసుకుంటారు. అదనపు మనుషుల డబ్బు కూడా యాప్‌లోనే అడగండి. నేరుగా వచ్చిన బుకింగైతే మీ దగ్గరున్న డిపాజిట్‌లోంచి తీసుకోండి. ఎంత, ఎందుకు అని రాసి, మిగిలింది అదే రోజు ఫోన్‌పే చేసెయ్యండి. మిగిలింది పట్టుకుని కూర్చుంటే న్యాయం అవతలివాళ్ల వైపు వెళ్లిపోతుంది.

రివ్యూలో ఈ సంగతి రాయాలా?

రాయండి, కోపంగా కాకుండా. "మంచి కుటుంబం. చెప్పినదానికన్నా ముగ్గురు ఎక్కువ వచ్చారు, ముందుగా చెప్పలేదు." ఈ రెండు వాక్యాలు చాలు, తర్వాత ఇల్లిచ్చేవాళ్లకి అర్థమవుతుంది. దొంగలు, మోసం లాంటి మాటలు రాస్తే చదివేవాళ్లు గెస్టుని కాదు, మిమ్మల్ని తప్పుకుంటారు.

కిందటిసారి లెక్క తప్పినవాళ్లే మళ్లీ అడుగుతున్నారు. ఇవ్వనా?

గొడవ చేసినవాళ్లకైతే ఇవ్వకండి. మొహమాటానికి చెప్పలేకపోయినవాళ్లకైతే ఇవ్వండి. నేను చెప్పిన కనుమ నాటి పదిహేడు మందీ మూడేళ్లుగా మళ్లీ వస్తున్నారు. ఈసారి పెద్దాయన డిసెంబరులోనే ఫోన్ చేసి, "ఆయ్, మొత్తం పందొమ్మిది మందిమండి. రాత్రికి ఎనిమిది, మిగతావాళ్లకి అమలాపురంలో గదులు తీసుకున్నాం. లారీవాడికి చెప్పారా?" అని అడిగారు.